తెగిన తాడు

"తాడు తెగింది! పాపం, పైనున్నోడేం జేస్తడు?" అన్నాడు దేవదాసు మైకులో.

నేల టికెట్టు జనం గొల్లున నవ్వారు. తెర మీద మంచుకొండ. ఒకే తాడు నడుముకు కట్టుకున్న ఇద్దరు దోస్తుల్లో ఒకడు జారి లోయలో వేలాడుతుంటే, పైవాడు కత్తి తీసి తాడు కోసేశాడు. అది అందరూ కళ్లారా చూశారు.

"తెగుడేందే? కత్తితోని కోసె గదా! మా కండ్లకు పొరలొచ్చినయా?"

చొప్పదండి డేరా టాకీసులో ఇంగ్లీషు బొమ్మ ఆడితే తెలుగులో కథ చెప్పడం దేవదాసు పని. ఎండాకాలంలో మంచు చూడ్డానికి వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నారు. ఎవడు పడతాడో తెలిసి కూడా ఆ చోటు రాగానే ఊపిరి బిగబడతారు. ఉక్కపోతలో ఆడవాళ్లు భుజాల మీదికి కొంగులు లాక్కుంటారు. హాయిగా కూర్చుని భయపడటంలో ఉన్న సుఖం అది.

మొదటాట విడవగానే డేరా యజమాని బుచ్చిరాములు వచ్చాడు. "ఉన్నదున్నట్టు చెప్పు. లేకుంటె మైకిచ్చి నడువు. ఆ కోసినోడు నీ సుట్టమా ఏంది, గంత ఎనకేసుకొస్తున్నవ్?"



రెండో ఆటకు శంకరవ్వ వచ్చింది. "మా అంతయ్య కబురేమన్న ఎరుకైందా బిడ్డా?"

పోయిన వానాకాలం ఆమె కొడుకూ దేవదాసూ చీరెల మూటలెత్తుకుని ఖానాపూర్ వైపు అమ్మబోయారు. దేవదాసు ఒక్కడే తిరిగొచ్చాడు.

"బొంబాయి మిల్లుల మంచిగనే ఉన్నడట అవ్వా. నువ్వు పోయి కూసో, టికెట్టద్దు."

"సల్లగుండు బిడ్డా. నువ్వు గూడ నాకు కొడుకసొంటోడివే."

దేవదాసుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆమె మొహం చూడలేక మైకు దగ్గరికి పోయాడు.

మళ్లీ ఆ చోటు వచ్చింది. తెర మీద కత్తి మెరిసింది. గేటు దగ్గర బుచ్చిరాములు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. దేవదాసు మైకు పట్టుకుని ఆడవాళ్ల వైపు చూశాడు.

"చెప్పవేందే!" అని నేల మీంచి కేక.

"తెగలే..." అన్నాడు దేవదాసు. "వీడే ఇడిసిండు. ఇడువకురా, ఇడువకురా అని వాడు మొత్తుకున్నడు. వీనికి పానం తీపైంది. వాగు ఒక్కసారే పొంగె... చెయ్యి గుంజుకున్నడు."

డేరా అంతా నవ్వులు. "గీ మంచుల వాగేడికెల్లి వచ్చెనే!"

ఆడవాళ్ల వైపు శంకరవ్వ లేచి నిలబడింది. నవ్వులు ఆగేదాకా అలాగే నిలబడి, అడిగింది.

"ఏ వాగు బిడ్డా? జాగ చూపియ్యి. నా కొడుక్కు పిండమన్న పెట్టుకుంట."