చేతులు మారిన దెయ్యం

ఒరేయ్ పళ్ళ డాక్టరూ,

నీ దెయ్యాన్ని నేను చంపేశానని ఫోన్లో అరిచావు. చావలేదు, పెరిగింది. అయినా దెయ్యాన్ని ఎవరైనా చంపుతారట్రా, అంత చదువు చదివి?

నువ్వు మా ఇంట్లో మరిచిపోయిన ఆ గేము మిషన్ తెరిచి చూశాను. నువ్వు పట్టి పెంచుతున్న వింత జంతువులన్నీ బలిశాయి. నీ ముద్దుల దెయ్యం మాత్రం మసిగుడ్డలా వేలాడుతోంది. ఆరా తీస్తే, ఆ జాతి దెయ్యం ఇంకొకరి చేతికిస్తేనే ఎదుగుతుందట. నువ్వు ఇచ్చే రకమా? చిన్నప్పుడు ఒంటి సబ్బు కూడా దాచుకునేవాడివి.

మొన్న మీ అక్క తన గేము మిషన్‌తో వచ్చింది. రెండు మిషన్లూ పక్కపక్కన పెట్టించి మార్పిడి చేయించాను. అక్క మిషన్ తెర మీదికి వెళ్ళగానే దెయ్యానికి కాళ్ళూ చేతులూ మొలిచి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. నీకైతే ఫీజు వచ్చేది.

నీ పెళ్ళి పేచీ నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవని తెలుసు. అయినా బదులుగా అక్క ఇచ్చినదాన్ని చూడు. బుంగమూతి కప్ప. బడి రోజుల్లో పట్టి, ఇన్నేళ్ళుగా పెంచుతోందట. పేరు ‘తమ్ముడు’. పోలిక నాకూ కనిపించింది.

అది అరువేనట, తిరిగి ఇమ్మంది. మిషన్లు పక్కపక్కన ఉంటేనే మార్పిడి కుదురుతుంది కాబట్టి ఆదివారం నువ్వే వెళ్ళు. నా దగ్గర మిషన్ తీసుకుని, దారిలో ఒక ఛార్జరు కొను. అక్కది తెగింది. నిన్ను మాత్రం అడగదు.

అమ్మమ్మ