ఏం తెచ్చావు అల్లుడూ?

"ఏం తెచ్చావు అల్లుడూ?"

"మాసిన బట్టలు," అన్నాడు ఆర్విద్.

కింద గుమిగూడిన జనం గొల్లున నవ్వారు. కొత్తింటి మెట్ల పైన, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ అత్తగారు ఖంపూన్ మాత్రం నవ్వలేదు.

"చాల్లే. మళ్ళీ ఇంటి చుట్టూ తిరిగి రా," అంది.

ఉడోన్ పట్నం పక్కనున్న ఆ ఊళ్ళో ఎవరు కొత్తింట్లో అడుగుపెట్టాలన్నా ఇదే పద్ధతి. ఇంటి యజమాని భుజాన సంచీ, చంకన దిండు, చేతిలో వల పట్టుకుని, పెళ్ళాం పిల్లలతో ఇంటి చుట్టూ తిరిగి మెట్ల దగ్గరికి రావాలి. పైనున్న పెద్దావిడ ఎక్కణ్నుంచి వచ్చావంటుంది. సిరులు పండే దేశం నుంచి అనాలి. ఏం తెచ్చావంటుంది. బంగారం, వెండి, బస్తాలకొద్దీ బియ్యం అనాలి. అయితే రండి, చల్లగా ఉండండి అని ఆవిడ పక్కకు తప్పుకుంటుంది. మాట తప్పితే మళ్ళీ చుట్టు తిరగాలి, అదీ మూడు చుట్ల దాకానే. ముక్కుపచ్చలారని పిల్లలకు కూడా కంఠతా వచ్చిన మాటలివి. ఆర్విద్‌కి కూడా వచ్చు. నార్వే నుంచి కాపురం ఎత్తుకొచ్చిన ఈ నాలుగు రోజుల్లో భార్య మాలై పది సార్లు చెప్పించింది. తీరా మెట్ల దగ్గరికొచ్చేసరికి నోటికి నిజం అడ్డం పడింది.

"తొమ్మిదిన్నర దాటితే ముహూర్తం పోయినట్టే!" చేతి గడియారం చూసుకుంటూ అరిచాడు మాలై మేనమామ కెన్. "రేపట్నుంచి భిక్షువులకి వానాకాలపు దీక్ష. మూడు నెలల దాకా కొత్తింటి మాటే లేదు. తొందరగా కానీ అల్లుడూ!"

మూడు నెలలు ఆగడం ఆర్విద్ వల్ల కాదు. ఈ నాలుగు రాత్రులూ నలుగురూ కంచె అవతలున్న ఖంపూన్ ఒంటిగది ఇంట్లోనే పడుకున్నారు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి కాళ్ళు గడప అవతలే ఉంటున్నాయి. వాటి మీద కోళ్ళు నడుస్తున్నాయి.

రెండోసారి ప్రదక్షిణ మొదలైంది. వెనక పరుపు మోసుకొస్తున్న మాలై పళ్ళు నూరింది.

"బంగారం అనవయ్యా!"

"లేదుగా."

"లేదని నాకు తెలుసు. మా అమ్మకి తెలుసు. ఆ పాకలో గేదెకి కూడా తెలుసు."

"అందరికీ తెలిసినప్పుడు ఉందని చెప్పడం ఎందుకు?"

"నాన్నా, నేను చెప్పనా?" అంది తొమ్మిదేళ్ళ ఇంగా, నీళ్ళ కుండ ఒలికించుకుంటూ.

"నువ్వు చెబితే చెల్లదే. యజమానే చెప్పాలి," అన్నాడు కెన్ మామ.

మళ్ళీ మెట్లు. మళ్ళీ ఖంపూన్.

"ఎక్కణ్నుంచి వచ్చావు?"

"సిరులు పండే దేశం నుంచి." ఆర్విద్ చెవులు మిరపపళ్ళయ్యాయి. జనం భేష్ అన్నారు.

"ఏం తెచ్చావు? బంగారమేనా?"

ఆర్విద్ సంచీ భుజం మార్చుకున్నాడు.

"మొన్న ఎయిర్‌పోర్టులో ఇదే అడిగారు అత్తయ్యా. లేదని సంతకం పెట్టి ఇచ్చాను. ఇవాళ ఉందంటే ఎలా?"

ఆడవాళ్ళు నోళ్ళకి గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వారు. "అక్కా, నీ అల్లుడు మనిషి కాదే, కాగితం!" అని ఎవరో అన్నారు.

"ఇంకొక్కసారి తిరిగి రా," అంది ఖంపూన్. ఈసారి ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"ఎనిమిది నిమిషాలు!" అన్నాడు కెన్ మామ.

ఈసారి నడక కాదు, పరుగే. మాలై పరుపు ఒక మూల నేలకి రాసుకుంటోంది. జనం నవ్వడం మానేసి, వాళ్ళతోపాటు చుట్టూ తిరిగారు.

"ఇదే ఆఖరు," అంది ఖంపూన్. "బంగారం తెచ్చావా?"

"లేదు."

"వెండి?"

"లేదు."

"పోనీ, గుప్పెడు బియ్యమన్నా?"

"అవి మీరే ఇచ్చారు, నిన్న."

"మరి ఈ గుమ్మం ముందుకి ఏం మోసుకొచ్చావురా నాయనా!"

ఆర్విద్ సంచీ దించాడు. అరువు తెచ్చుకున్న చేట తిరిగిచ్చేవాడిలా పక్కకు జరిగి, వెనకనున్న భార్యని చూపించాడు.

"మాలైని తెచ్చాను. పదకొండేళ్ళ కింద మీ దగ్గర్నుంచే తీసుకెళ్ళాను. ఏమీ పాడు కాలేదు, చూసుకోండి." కాస్త ఆలోచించి ఇంగాని ముందుకు నెట్టాడు. "ఇది కొసరు."

ఖంపూన్ భుజమ్మీది గుడ్డతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏడుపు తర్వాత అక్కా! ఐదు నిమిషాలే ఉంది!"

"రండి," అంది ఖంపూన్ గుడ్డలోంచే. "రండి నాయనా, రండి. చల్లగా ఉండండి."

జనమంతా ఒక్కసారిగా ఓహో అని కేక పెట్టారు. పరుపు లోపలికి వెళ్ళింది, కుండ వెళ్ళింది, వెనకే ముసలాళ్ళంతా తెల్లదారాలు పట్టుకుని ఎక్కారు. ఒకరి తర్వాత ఒకరు ఆర్విద్ మణికట్టుకి దారం కడుతూ దీవిస్తున్నారు. అంతలో మాలై చుట్టూ చూసింది.

"అమ్మేదీ?"

ఆర్విద్ లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఖంపూన్ కింద, మెట్ల మొదట్లో నిలబడి ఉంది. నెత్తిన చుట్టిన చాప, చంకలో దిండు, రెండు చేతుల్లో మూత కట్టిన కుండ. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది.

"గుడ్లప్పగించి చూస్తావేం? ఇంకా రెండు నిమిషాలుంది. అడుగు!"

ఆర్విద్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కణ్నుంచి వచ్చావు అత్తయ్యా?"

"ఆ కంచె అవతల నుంచి."

"ఏం తెచ్చావు?"

"ఊరేసిన చేపలు," అంది ఖంపూన్, "ఈ ఇంట్లోకి నిజం చెబితేగానీ రానివ్వరటగా!"