పెత్రమాస సున్నం

కరోనాతో విమానాలు బందైన ఏడు పరమేశ్ బాపు కొమురయ్య పోయాడు. దుబాయిలో ఉన్న కొడుక్కి ఆఖరి చూపు దక్కలేదు.

తర్వాత పరమేశ్ తిరిగొచ్చి నిజామాబాద్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. పెద్దలను తలుచుకునే పెత్రమాస రాగానే, బాపు సమాధికి వేయడానికి సున్నం బకెట్‌తో బోధన్ దగ్గరి సొంతూరికి బయల్దేరాడు.

"బాపు గోరి ఏడుంది?" అని అడిగాడు, మోకాళ్ల నొప్పులతో మంచం దిగని చిన్నబాపును.

"చెరుకు తోటల ఎనుక. వేపచెట్టు పక్కపొంటి."

వేపచెట్టు పక్కన గోరి కనబడగానే దాని మీద పడి ఏడ్చాడు. "బాపూ, బాపూ" అంటూ దుబాయిలో దాచుకున్న ఏడుపంతా అక్కడే దించాడు.

తలెత్తి చూస్తే ఒక ముసలవ్వ కుంచె పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవలు బిడ్డా?"

"మా బాపు, అవ్వా. పోయినప్పుడు ముఖం గూడ సూడలె."

అవ్వ ఏదో అనబోయి ఊరుకుంది. చెట్టుకు అవతల ఇంకో గోరి ఉంటే, అక్కడికి పోయి గడ్డి పీకుతూ కూర్చుంది.

ఆమె పేరు సత్తవ్వ. ఆనాటి నుంచి ఏటా పెత్రమాసకు ఇద్దరూ అక్కడే కలిసేవారు. వానాకాలం పెరిగిన గడ్డి పీకి, చెరో గోరికి సున్నం వేసేవారు.

"సత్తవ్వా, నీ గోరి కంటె మా బాపుదే తెల్లగున్నది సూడు."

"కొడుకు ఏసిన సున్నం బిడ్డా. మెరువకుంటె ఎట్ల?"

ఒకసారి అడిగింది. "మీ బాపుకు ఏమిష్టం ఉండె?"

"అప్పాలు. డబ్బ దాసిపెట్టినా దొరకవట్టెటోడు."

తెచ్చిన అప్పాలు రెండు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి తిని, ఇంకోటి తన పక్కనున్న గోరి మీద పెట్టింది. ఒడిలోని గునుగు పూలు తీసి పరమేశ్‌కిచ్చింది.

"గియ్యి నీ చేతులతోని పెట్టు."

"మీ ఆయనకు పెట్టుకోరాదు?"

"నువ్వు పెడితెనే ఆయనకు సంతోషం."

పరమేశ్ నవ్వుకుని ఆ పూలు బాపు గోరి మీద పెట్టాడు. మంచి ముసలమ్మ, కాస్త చాదస్తం అనుకున్నాడు.

ఈ ఏడు సత్తవ్వ రాలేదు. పైగా బాపు గోరిని ఆనుకుని కొత్త మట్టి దిబ్బ ఉంది. దాని దగ్గర ఒక పెద్దమనిషి రాళ్లు ఏరుతున్నాడు.

పరమేశ్‌కు ఒళ్లు మండింది. "మా బాపు పక్కన ఎవల్ని పెట్టిండ్రు? అడిగెటోడు లేడనుకున్నరా?"

"మా అక్కను, సత్తవ్వను. పోయిన నెల పోయింది. నా పేరు లింబాద్రి."

వచ్చిన కోపం ఎటు పోయిందో పోయింది. పరమేశ్ కళ్లు తుడుచుకున్నాడు.

"అయ్యో. మరి అవ్వను పెనిమిటి పక్కన పెట్టకపోయిండ్రా కాకా?"

"పెనిమిటి పక్కన్నే పెట్టినం."

"గిది మా బాపుది గద?"

లింబాద్రి చెట్టు అవతలి గోరి చూపించాడు. దాని చుట్టూ గడ్డి పరక లేదు, గోడకు ఎక్కడా సున్నం పెచ్చు ఊడలేదు.

"కొమురయ్యది గా గోరి. వేపచెట్టు పక్కపొంటి అంటె రెండూ గంతే గద."

పరమేశ్ రెండు గోరీలనూ మార్చి మార్చి చూశాడు. "అవ్వ నాకెందుకు చెప్పలె?"

"నేను గూడ అడిగిన. 'మాకు పిల్లలు లేకపాయె. పిలగాని బాపును నేను సూసుకుంట. మా ఆయనను బాపూ అని పిలిచెటోడు ఇన్నేండ్లకు దొరికిండు, పిలువనియ్యి' అన్నది."