ఒంటి పిడి

రంపం బ్రేకు పిడి మళ్లీ ఊడి వచ్చింది.

చెట్లు కొట్టే అతను దాన్ని చేత్తో పట్టుకుని, విసుక్కోవడానికి కూడా ఓపిక లేక వాకిట్లో కూలబడ్డాడు.

ఆ మోటారు రంపాన్ని పాత సామాన్ల కొట్లో కొన్నారు. ఎక్కడిదని మాత్రం అడగొద్దన్నాడు కొట్టువాడు. మొగుడూ పెళ్లాలూ అడగలేదు. చవగ్గా దొరికిందే చాలనుకున్నారు.

రంపం బాగానే కోసేది. బ్రేకు ఒక్కటే కుదరలేదు. వేరే రంపం పిడిని తెచ్చి ఎవరో దీనికి తగిలించారు. బిగిస్తే పట్టేసేది, వదులు చేస్తే ఊగేది. చివరికి కట్టుతీగ చుట్టి పని కానిస్తున్నాడు.

రంపం ఎగిరి మొహం మీదికి వచ్చినప్పుడు చైనును ఆపాల్సింది ఆ పిడే. మొన్న అలాగే ఎగిరింది. చైను ఆగలేదు. అతని చొక్కా భుజాన్ని చీల్చుకుంటూ పోయింది.

చొక్కా కాబట్టి కుట్టగలిగాను, మెడ అయితే నాకు కుట్టడం రాదంది భార్య. ఇద్దరూ నవ్వారు. ఆమెకు మాత్రం అప్పటినుంచి కంటిమీద కునుకు లేదు.

రేపు బడి కప్పు మీదికి ఒరిగిన పెద్ద చెట్టు కొట్టాలి. పిడి చూస్తే ఇలా ఉంది.

"దాని పిడి అది కాదు."

ఇద్దరూ తలెత్తారు. గేటు లోపల ఎవరో నిలబడి ఉన్నాడు. నెరిసిన తల, చంకలో గుడ్డ సంచి.

నిన్న రోడ్డు పక్కన కొమ్మలు కోస్తుంటే చూశాననీ, ఇల్లు వాకబు చేసుకుంటూ వచ్చాననీ చెప్పాడు. మాట మనిషితోనే గానీ చూపు రంపం మీదే ఉంది.

ఆ చూపు ఆమెకు నచ్చలేదు.

"అమ్మే ఉద్దేశం లేదన్నా," అన్నాడు ఆమె భర్త ముందుగానే.

"కొనడానికి రాలేదు."

"మరి?"

వచ్చినతను వంగి రంపాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఆమె చటుక్కున వెళ్లి గేటుకు అడ్డం నిలబడింది.

అతను ఎక్కడికీ పోలేదు. అరుగు మీద కూర్చుని, రంపం పక్క మూతను బొటనవేలితో తడిమాడు. అక్కడ మేకుతో గీకినట్టు రెండు గీతలున్నాయి. కాసేపటికి మంచినీళ్లు అడిగాడు.

నువ్వు తీసుకురా అని ఆమె మొగుడికి కళ్లతోనే సైగ చేసింది. తను గేటు వదల్లేదు.

నీళ్లు తాగుతూ అతను ఆమె భర్త చొక్కా మీది కుట్టు చూశాడు. ఎలా చిరిగిందని అడిగాడు. చెప్పారు. గ్లాసు కింద పెట్టేశాడు.

"ఈ మిషను మీదేనా మీ బతుకు?"

"ఇంకేముంది మా మొహాలకి?" అంది ఆమె. "ఇది లేకపోతే ఈయన గొడ్డలి పట్టాలి. గొడ్డలి ఎత్తే నడుము ఎప్పుడో పోయింది."

అతను మూత మీది గీతలను మరోసారి తడిమాడు. తర్వాత సంచిలోంచి ఒక గుడ్డ మూట తీసి విప్పాడు. లోపల పాత గ్రీజుతో నల్లగా మెరుస్తూ ఒక బ్రేకు పిడి. స్ప్రింగు ఒక్కటే కొత్తది.

కట్టుతీగ తెంపాడు. మూత విప్పి లోపలి రంపపు పొట్టు దులిపాడు. తన పిడి అమర్చి, మూత బిగించాడు. అది పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు కూర్చుంది.

రంపాన్ని నడిపి, చైను తిరుగుతుండగా మణికట్టుతో పిడిని ముందుకు నెట్టాడు. చైను టక్కున ఆగింది.

ఎంతివ్వాలని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఒంటిగా నా దగ్గరుండి ఇదేం చేస్తుంది?"

రంపాన్ని అరుగు మీద పెట్టి, దాని మీద ఒకసారి చెయ్యి వేసి, లేచాడు. ఆమె దారి ఇచ్చింది. అతను గేటు దాటగానే గడియ పెట్టేసింది.

"సామాన్లన్నీ ఉన్నాయో లేదో చూడు," అంది మొగుడితో. "ఊరికే చేసిపెట్టేవాళ్లంటే నాకు భయం."

అన్నీ ఉన్నాయి.

మర్నాడు బడి చెట్టు మీద, ఆకుల చాటున ఉన్న కొమ్మకు రంపం ముక్కు తగిలింది. తగలగానే ఎగిరి మొహం మీదికి వచ్చింది. మణికట్టు పిడిని తాకింది. చైను అతని గడ్డం ముందు ఆగిపోయింది.

అతను దిగివచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కింద కొమ్మలు లాగుతున్న ఆమె వచ్చి అతని పక్కన కూర్చుని, కుట్టిన ఆ భుజం పట్టుకుంది. చాలాసేపటి దాకా వదల్లేదు.

తిరిగి వెళ్లేటప్పుడు దారిలో అందరినీ అడిగారు. సంచి పట్టుకుని వచ్చిన నెరిసిన తల మనిషి ఎవరో ఎవరికీ తెలియదు.

ఇంటికి వచ్చాక ఆమె రంపాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. పిడి మీది గ్రీజు వదులుతుంటే అడుగున గీతలు కనబడ్డాయి. గుండ్రటి తల, అందులో ఒక కన్ను, నవ్వుతున్న నోరు.

పక్క మూత మీది రెండు గీతలు దాని తోక.

రెండింటినీ కలుపుతూ ఒక చేప. ఎవరో చిన్నపిల్ల మేకుతో గీసినట్టు వంకరగా, సంతోషంగా ఉంది.

"ఇటు చూడు," అంది.

అతను చూశాడు. కొత్త స్ప్రింగును వేలితో ముట్టుకున్నాడు.

"స్ప్రింగు మార్చడానికి పిడి విప్పి ఇంట్లో పెట్టుకున్నప్పుడు ఎవరో ఎత్తుకుపోయుంటారు ఆయన మిషను," అన్నాడు మెల్లగా. "ఎక్కడిదని అడగొద్దన్నాడుగా కొట్టువాడు."

ఆమె గుడ్డ పక్కన పెట్టి, వెళ్లి గేటు గడియ తీసింది. రోడ్డు మీద ఎవరూ లేరు.

పోయిన తన రంపాన్ని అడిగి తీసుకుపోదామని వచ్చిన మనిషి, రుజువుగా సంచిలో తెచ్చుకున్న పిడిని దానికే బిగించి వెళ్లిపోయాడు.