కొత్త సూది

"ఆగండి మంగతాయారుగారూ. సూది మార్చారా?"

నిస్సీ అడిగిన తీరుకి ఆయా మంగతాయారు చెయ్యి మూడో మంచం దగ్గర ఆగిపోయింది. ఆ చేతిలో షుగర్ పరీక్షకి వేలు పొడిచే పెన్ను ఉంది. మంచం మీది ముసలాయన అప్పటికే వేలు చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

"మార్చానమ్మా. పొద్దున్నే కొత్తది పెట్టాను. రోజుకొకటి మారుస్తాం."

"రోజుకొకటా? మనిషికొకటి కాదా?"

"పద్నాలుగు మందికీ ఒకటేనమ్మా. మధ్యమధ్యలో స్పిరిట్ దూదితో తుడుస్తున్నాగా," అంది మంగతాయారు, తనేదో అదనంగా చేస్తున్నట్టు.

వట్లూరులో కాలేజీల వెనక ఉన్న ఆ వృద్ధాశ్రమంలో నిస్సీ నర్సుగా చేరింది నిన్న మధ్యాహ్నమే. గుమ్మానికి మామిడాకులు, లోపల తెల్లటి టైల్స్, గోడ మీద 'మనదంతా ఒకే కుటుంబం' అని పెద్ద బోర్డు. నిన్న అది చూసి ముచ్చటపడింది కూడా. ఇప్పుడు ఆ బోర్డు చూస్తే ఒళ్ళు మండింది. ఆమె పెన్ను తీసుకుని డబ్బాలో పెట్టి మూత వేసేసింది.

"కొత్త సూదులు వచ్చేదాకా ఎవర్నీ పొడవద్దు."

"నా వంతెప్పుడే మంగతాయారూ? ఆకలేస్తుందే," అంది కిటికీ పక్క మంచం మీంచి అచ్చమ్మగారు. ఆవిడ ఆశ్రమం యజమాని అబ్బాయిరాజుగారి తల్లి. 'మా అమ్మ కూడా ఇక్కడే ఉంటుందండీ' అని చెప్పే, ఆయన అందరి చేతా తల్లిదండ్రుల్ని చేర్పిస్తాడు.

"వచ్చేస్తున్నానండీ పెద్దమ్మగారూ," అని మంగతాయారు పరుగున వెళ్ళి ఆవిడ జుట్టు సర్ది, దుప్పటి కప్పింది. కన్నకూతురైనా అంత ఇదిగా చూడదు.

నిస్సీ ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి అబ్బాయిరాజు ఫోన్లో ఉన్నాడు. కలిదిండి దగ్గర ఆయనకి చేపల చెరువులున్నాయి.

"ఒక చెరువులో వేసిన వల ఇంకో చెరువులో వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా? ఒక్క చేపకి తెగులుంటే చాలు, అన్ని చెరువులూ పోతాయి. మందునీళ్ళలో ముంచి, ఎండబెట్టి, అప్పుడు వెయ్యి." ఫోను పెట్టేసి నవ్వాడు. "కూర్చోమ్మా. ఏంటి చెప్పు."

ఆమె కూర్చోలేదు.

"అహరోను మాస్టారి రిపోర్టు చూశారాండీ?"

ఉంగుటూరు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారాయన, ఆ పద్నాలుగు మందిలో ఒకరు. కంటి ఆపరేషన్ కోసం ఏలూరు ఆసుపత్రికి తీసుకెళితే ముందుగా రక్తం పరీక్ష చేశారు. హెపటైటిస్ బి అని నిన్న సాయంత్రం తేలింది.

"చూశానమ్మా. ఎక్కడంటుకుందో ఏంటో. ఆ మాట బయటికి రానివ్వకు. ఎవరి మనుషుల్ని వాళ్ళు తీసుకుపోతారు."

"ఇక్కడే అంటుకుని ఉండొచ్చండీ. ఒకరి వేలి నెత్తురు అదే సూదితో ఇంకొకరికి ఎక్కుతోంది. స్పిరిట్‌తో తుడిస్తే పోయే జబ్బు కాదది. మెల్లగా లివర్ని తినేస్తుంది. ఎంతమందికి పాకిందో తెలియదు. మిగతా పదమూడు మందికీ ఇవాళే పరీక్ష చేయించాలి."

"చేరి రెండు రోజులు కాలేదు. ఉద్యోగం మీద ఆశ లేదా అమ్మా?" చాలా మెత్తగా అడిగాడు.

"ఉందండీ. కానీ మీరు చేయించకపోతే వాళ్ళ పిల్లలకి నేనే ఫోన్లు చేస్తాను."

అబ్బాయిరాజు ఆమె మొహంలోకి చూశాడు. ఈ పిల్ల అన్నంత పనీ చేసేలా ఉందని అర్థమైనట్టుంది.

"సరే. పన్నెండు మందికి చేయించు."

"పదమూడు మందండీ."

"మా అమ్మకి అక్కర్లేదు."

"ఎందుకక్కర్లేదు?"

"అమ్మకి రోజూ మొట్టమొదట వేస్తారు. కొత్త సూదితో. అమ్మది అయ్యాకే మిగతావాళ్ళకని మంగతాయారు పనిలో చేరిన రోజే గట్టిగా చెప్పాను."

ఇంతసేపూ ఆయన తెలియక చేస్తున్నాడనుకుంది నిస్సీ. తెలియనివాడికి ఎలాగోలా నచ్చజెప్పుకోవచ్చనుకుంది.

"అంటే మీకు ముందునుంచీ తెలుసన్నమాట," అంది.

అబ్బాయిరాజు ఆ మాట విననట్టే బల్ల మీది గంట కొట్టాడు. మంగతాయారు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మంగతాయారూ, ఈ అమ్మాయికి చెప్పు. మా అమ్మకి రోజూ ముందే వేస్తావు కదా?"

మంగతాయారు కొంగు వేలికి చుట్టుకుంది. ఆయన్ని చూసింది, నిస్సీని చూసింది, తల దించుకుంది.

"తప్పయిపోయిందండీ, మీ మాట తప్పాను. కొత్త సూది చురుక్కుమంటే పెద్దమ్మగారు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం చూడలేక, రెండేళ్ళ నుంచీ పదమూడు మందికీ పొడిచి మొన మెత్తబడితే నొప్పి తెలీదని ఆవిడకి ఆఖర్న వేస్తున్నానండీ."