మొగలి పొదల వెనక ఇంజను

బ్రేకు ఇన్‌స్పెక్టరును మోసం చెయ్యడానికి హెబ్రోను ఎంచుకున్న చోటు ఇందుకూరుపేట కాలువకట్ట. ఆ చుట్టుపక్కల కారు తనంతట తాను దొర్లేంత వాలు అక్కడొక్కటే ఉంది.

కారు మద్రాసుది. జట్కా తోలడం మాని టాక్సీ పెడదామని, భార్య రెబెక్కమ్మ కుట్టుమిషను అమ్మి మరీ కొన్నాడు. లారీ మీద వచ్చి దిగిన నాటి నుంచి అది పలకలేదు. ఎద్దులను కట్టి ఊరంతా లాగించాడు. ఎద్దులు రొప్పాయి గానీ ఇంజను దగ్గనైనా దగ్గలేదు. పోనీ ఎవరికైనా అంటగడదామంటే మద్రాసు నంబరు కారు ఎవరూ కొనరు. ఆంధ్రా నంబరు కావాలంటే అది నడవడం ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూడాలి.

అందుకని కట్ట పక్కన మొగలి పొదల వెనక, చేనికి నీళ్ళు తోడే ఆయిలింజను దగ్గర స్నేహితుడు పెంచలయ్యను కూర్చోబెట్టాడు.

“నేను హారన్ కొడితే ఇంజను ఎత్తు. మళ్ళా కొడితే ఆపు.”

“పట్టుబడితే ఏందన్నా గతి?”

“నాకు జైలు. నీకేంది, నువ్వు చేనికి నీళ్ళు పెడతా ఉండావు.”

ఇన్‌స్పెక్టరు గొడుగేసుకుని కట్ట మీద నిలబడ్డాడు. పక్కన బుచ్చిరెడ్డిపాలెం వడ్ల వ్యాపారి పద్మనాభయ్య. నంబరు వస్తే అక్కడికక్కడే కారు కొంటానని వచ్చాడు.

బస్సు డ్రైవర్లు చేసేవన్నీ హెబ్రోను వరసగా చేశాడు. తాళం తిప్పాడు. క్లచ్ తొక్కి గేరు వేశాడు. హారన్ కొట్టి బ్రేకు వదిలాడు. కారు వాలులోకి దొర్లుతుండగా క్లచ్ మీద నుంచి కాలు తీశాడు.

డబడబమని శబ్దం లేచింది. పెంచలయ్య మాట తప్పే మనిషి కాడు అనుకున్నాడు హెబ్రోను. స్టీరింగు వణికింది. భయానికి తన చేతులే వణుకుతున్నాయనుకున్నాడు. కట్ట దిగగానే హారన్ కొట్టి బ్రేకు తొక్కాడు. శబ్దం టక్కున ఆగింది.

“శబ్దం కాస్త మోటుగా ఉందే?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మద్రాసు కారు గదండీ. మన గాలి ఇంకా పడలేదు.”

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. నంబరు కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

“ఏదీ, ఒకసారి నేను తోలి చూస్తా,” అన్నాడు పద్మనాభయ్య.

హెబ్రోను కారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. “వద్దు సామీ! పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందాకా ఇంజను ఎత్తగూడదు. ఎద్దులు కట్టి తోలుకొని పోండి.”

“కిరస్తానం వాడివైనా మా మంచి కోరినావయ్యా!”

కారు ఎద్దుల వెనక బుచ్చిరెడ్డిపాలెం దారి పట్టింది. పద్మనాభయ్య ఇచ్చిన డబ్బు జేబులో వేసుకుని, కుట్టుమిషను ఖరీదు తిరిగొచ్చిందని హెబ్రోను పొదల వెనక్కి పరిగెత్తాడు. పెంచలయ్య చేతులకు మసి పూసుకుని, చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు.

“నా పరువు కాపాడినావు పెంచలయ్యా! సరిగ్గా హారన్‌కే ఎత్తినావు.”

పెంచలయ్య సిగ్గుతో తల గోక్కున్నాడు.

“యాడన్నా? పాడు ఇంజను, ఎంత తిప్పినా పలకలేదు. ఇంతలో నీ కారే డబడబలాడె, ఇంక దీంతో పనేముందిలే అని కూర్చున్నా. ఏదీ మన టాక్సీ? మొదట నన్నే ఎక్కించుకోవాల!”