ఒక్క బంటే కదుపుదాం

తుఫాను వెలిసింది. ఫిషింగ్ హార్బరుకు బోట్లు ఒక్కొక్కటే చేరుకుంటున్నాయి. ఎల్లాజీ తమ్ముడు కోటి వెళ్ళిన బోటు జాడ మాత్రం లేదు.

పొద్దుటి నుంచి ఎల్లాజీ వలల షెడ్డులో చదరంగం బల్ల ముందు కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఆడుకునే బల్ల. చూపు సముద్రం మీదే ఉంది.

ఎవరో పెద్దాయన వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. లుంగీ అంచుకు ఇసుక అంటుకుని ఎండిపోయి ఉంది.

"ఓ ఆట ఏద్దామేటి, బాబూ?"

కాదనడానికి ఎల్లాజీకి ఓపిక లేదు. మొదటి ఎత్తుకే రెండు బంట్లను ఒక్కో గడి జరిపాడు. బోటు కదిలేలోగా ఆట తేలిపోవాలని హార్బరులో అందరూ అలాగే మొదలెడతారు.

పెద్దాయన అందులో ఒకదాన్ని వెనక్కి పెట్టాడు.

"ఒక్క బంటే కదుపుదాం, బాబూ. ఆట సాగుతాది."

సాగింది. పెద్దాయన ఎత్తు ఎత్తుకూ చేతిలో బీడీ ఆరిపోయేదాకా ఆలోచించేవాడు. తీరా వేస్తే చిన్నపిల్లల ఎత్తు. ఓడిపోయినా లేవలేదు. మళ్ళీ పావులు పేర్చాడు.

ఎల్లాజీకి ఒళ్ళు మండింది. ఏ ఊరని అడిగాడు. పూడిమడక అన్నాడాయన. అక్కడ చదరంగం నేర్పే నాథుడే లేడా అని ఎల్లాజీ వెటకారమాడితే, అవునన్నట్టు తలూపాడు.

"ఏటి మావా, నిద్రోతన్నావా?"

"నేదు బాబూ. నీ గుర్రాన్ని సూత్తన్నాను."

"అది ఏనుగు."

మధ్యాహ్నం దాటాక ఎవరో మనిషి వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. పెద్దాయన ఆట మధ్యలోనే లేచాడు.

"ఓడిపోతానని ఎల్లిపోతన్నావేటి?" అన్నాడు ఎల్లాజీ.

ఆయన వెనక్కి తిరగలేదు.

పొద్దు వాలుతుండగా వైర్‌లెస్‌లో కబురొచ్చింది. బోటు ఒరిస్సా వైపు కొట్టుకుపోయి గోపాలపూర్ చేరింది. కోటి బతికే ఉన్నాడు.

ఎల్లాజీ బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. ఆ ఏడుపు తీరాక టీ కొట్టు పోతమ్మ దగ్గరకు వెళ్ళాడు.

"నాతో ఆడిన ముసిలాయనేడి, అప్పా? తమ్ముడు దొరికాడని సెప్పాలి."

పోతమ్మ గ్లాసులు కడగడం ఆపింది.

"పొద్దున్న టీ తాగుతా నిన్ను సూసి, ఆ అబ్బాయెవరని అడిగినాడు. తమ్ముడి కోసం సూత్తన్నాడని సెప్పినాను. ఒక్కడే కూకున్నాడని నీకాడికొచ్చినాడు."

"ఇప్పుడేడి?"

"తుఫాన్లో పోయిన ఆయన కొడుకు శవాన్ని పెద్దాసుపత్రోళ్ళు ఇచ్చినారు, ఊరికి తీసుకెల్లిపోనాడు."